పిల్లికూతలన్నీ ఉబ్బసం కావు

పాలకొల్లు వైపు కాలువ ఊళ్లకు బోదకాలు పాత చుట్టమే. కాలు వాచేలా చేసే ఆ పురుగే కొందరు పిల్లల ఛాతీలో పిల్లికూతలకూ కారణమని తేల్చడానికి వైద్యులకు ఇరవై ఏళ్లు పట్టింది.

1940లో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయ శానటోరియంలో ఫ్రీమోట్ మోలర్, బార్టన్ అనే వైద్యులకు వింత రోగులు తగిలారు. దగ్గు, జ్వరం, ఎక్స్‌రేలో మచ్చలు. చూస్తే క్షయే, కానీ కఫంలో క్షయ క్రిమి లేదు. రక్తంలో ఇసినోఫిల్ అనే తెల్లకణాలు మాత్రం విపరీతం. క్షయలా నటించే జబ్బని రాసిపెట్టారు. 1943లో వైన్‌గార్టెన్ అనే వైద్యుడు దానికి ట్రాపికల్ ఇసినోఫీలియా అని పేరు పెట్టారు. అర్ధరాత్రి దగ్గు, ఆయాసం, పిల్లికూతలు: అచ్చం ఉబ్బసమే. సిఫిలిస్‌కు వాడే ఆర్సెనిక్ మందుతో తగ్గింది. ఎందుకు తగ్గిందో ఆయనకూ తెలియదు.

తాళంచెవి మన భీమవరం వాడి చేతి నుంచే వచ్చింది. యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలను నడుపుతున్న రోజుల్లో, 1947లో, ఆయన బృందం బోదకాలు పురుగు మీద హెట్రజాన్ అనే మందు తెచ్చింది. మరుసటి ఏడే ఆయన పోయారు. 1950లలో వైద్యులు ఆ మందును ఈ దగ్గు మీద వాడి చూస్తే, ఉబ్బసమనుకున్నది కుదిరిపోయింది! మరి కారణం బోదకాలు పురుగే అయితే, ఈ రోగుల రాత్రి రక్తంలో దాని పిల్లలు ఎందుకు దొరకలేదు? 1960లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల వైద్యులు వెబ్, జాబ్, గాల్ట్ జవాబు చూపించారు. అవి ఊపిరితిత్తుల్లో, కాలేయంలో, లింఫ్ గ్రంథుల్లో చిక్కుకుపోయి ఉన్నాయి.

ఇక్కడే ఒక మాట. తుమ్ము వచ్చినా, ముక్కు కారినా ఇస్నోఫీలియా అనేయడం మన ఇళ్లలో అలవాటు. అలర్జీలో ఆ కణాలు కొంచెం పెరుగుతాయి. ఈ జబ్బులో మైక్రోలీటరుకు మూడు వేలు దాటుతాయి. ఏడాదికోసారి పంచే బోదకాలు మాత్ర దీనికి చాలదు, రోజూ రెండు మూడు వారాలు వాడాలి.

ఇది ఇప్పుడు అరుదు. పసివాళ్ల పిల్లికూతల్లో ఎక్కువ భాగం జలుబు వైరస్‌లవే. ఇంట్లో ఉబ్బసం ఉండి, మళ్లీమళ్లీ వస్తూ, ఇన్‌హేలర్‌కు తేలికపడితే ఉబ్బసాన్ని అనుమానించాలి. వేరుశనగ పలుకు నములుతుండగా పిల్లికూతలు ఒక్కసారిగా మొదలైతే, పలుకు శ్వాసనాళంలో ఇరుక్కుందేమో, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. ఇన్‌హేలర్ వాడుతున్నా రాత్రి దగ్గు వారాల తరబడి తగ్గకపోతే, ఇసినోఫిల్ లెక్క చూడమని డాక్టరుగారిని అడగండి. మందు మాత్రం సొంతంగా కొనకండి.