చచ్చినవాళ్ళు లేస్తారన్న ఆశ

పునరుత్థానం అనగానే ఆత్మ నిత్యమనే భావానికి అది మరో పేరని మనలో చాలామంది అనుకుంటారు. గీతాశ్లోకాలు వింటూ పెరిగిన మనకు అలా తోచడం సహజమే. కాని ఈ రెండూ వేర్వేరు నేలల మీద పుట్టాయి. దేహం చెర అనీ, చావు ఆత్మకు విడుదల అనీ బోధించినవాడు ఏథెన్స్‌లో ప్లేటో. చచ్చినవాళ్ళు దేహాలతో తిరిగి లేస్తారన్నది యూదుల ఆశ. క్రీ.పూ. 167 ప్రాంతంలో నాలుగవ అంతియోకస్ రాజు యూదు ధర్మాన్ని నిషేధించి, ఎదిరించినవాళ్ళను చంపిస్తున్న రోజుల్లో, దానియేలు గ్రంథంలో అది స్పష్టంగా పలికింది. న్యాయం కోసం చచ్చినవాడికి న్యాయమెక్కడ అన్న ప్రశ్న దాని వెనక ఉంది. దేవాలయాధికారం చేతిలో ఉన్న సద్దూకయ్యులు ఆ ఆశను అంగీకరించకపోవడం గమనించదగ్గది.

క్రైస్తవం రెండు భావాలనూ కలుపుకొంది. దాంతో చిక్కు వచ్చింది: చావుకూ అంత్యదినానికీ నడుమ ఆత్మ ఎక్కడ ఉంటుంది? ఆ ఖాళీలో మధ్యయుగపు చర్చి 'ఉత్తరించు స్థలం' నిలిపింది. 1274లో లియోన్ మహాసభ ఆ భావాన్ని ఆమోదించింది. మృతుల కోసం పూజలు, పూజలకు మాన్యాలు, చివరికి పాపపరిహార పత్రాల బేరం! (మన తద్దినాలూ గోదానాలూ గుర్తుకొస్తే తప్పు నాది కాదు.) 1517లో లూథర్ తిరగబడింది ఆ బేరం మీదనే. చావును నిద్రగా కూడా ఆయన వర్ణించాడు. ఆత్మ నిద్రపోదని కాల్విన్ ఒక పుస్తకమే రాశాడు.

ఈ వాదాన్ని చివరంటా లాగినవాడు, తర్వాత లెవెలర్ల నాయకుల్లో ఒకడైన రిచర్డ్ ఓవర్టన్. మనిషి మొత్తంగా చస్తాడు, మొత్తంగా లేస్తాడు; నడుమ విడిగా తిరిగే ఆత్మ లేదు అని 1643లో రాశాడు. లండన్‌లో అచ్చువేసి, ఆమ్‌స్టర్‌డాం అని ముద్ర వేసుకోవలసి వచ్చింది. మన విమర్శకులు కొందరు ఇతణ్ణి నాస్తికుల జాబితాలో చేర్చేస్తారేమో! అది అన్యాయం. విశ్వాసంలో నిలబడే అతను పురోహితుల పెత్తనాన్ని ప్రశ్నించాడు.

1644 ఆగస్టులో కామన్స్ సభ ఆత్మ నిత్యం కాదన్న పుస్తకం మీదా, విడాకులను సమర్థించిన పుస్తకం మీదా ఒకేసారి విచారణకు ఆదేశించింది. రెండోదాని రచయిత మిల్టన్. ఆయనదీ ఓవర్టన్ మతమే. 1667 నాటి 'పారడైజ్ లాస్ట్' పదో కాండలో ఆదాము తనలో తాను తర్కించుకొనే ఘట్టం విద్యార్థులు మళ్ళీ చదవాలి. కావ్యంలో పాత్ర నోట పలికించిన దాన్నే ఆయన లాటిన్‌లో సిద్ధాంతంగానూ రాసుకున్నాడు. చాలామంది పండితులు మిల్టన్‌దేనని అంగీకరించిన ఆ రాతప్రతి 1823 దాకా లండన్‌లో ప్రభుత్వ కాగితాల మధ్య పడివుండి, 1825లో గాని అచ్చు కాలేదు.