కల్పిత భాషలో ధ్వని మార్పు: ఎస్పెరాంతో సాక్ష్యం, సొస్యూర్ జోస్యం

కల్పిత భాషల ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన భాషాశాస్త్ర వ్యాసాలు సొస్యూర్ మాటతో సరిపెట్టేస్తాయి. మారని భాషను తయారు చేయబూనినవాడు బాతు గుడ్డు పొదిగే కోడి లాంటివాడని, ఎస్పెరాంతో కూడా అన్ని భాషలనూ లాక్కుపోయే ప్రవాహంలో పడక తప్పదని ఆయన జెనీవా పాఠాల్లో చెప్పారు. ఆయన పోయిన మూడేళ్లకు, 1916లో, అచ్చయిన ఆ మాట అప్పటి నుంచి తీర్పుగా చెలామణి అవుతోంది. నిజానికి అది జోస్యం. ఆ పాఠాలు చెప్పేనాటికి ఎస్పెరాంతోకు పాతికేళ్లు కూడా నిండలేదు. భాష మారుతుందన్న భాగం ఫలించింది. ధ్వని మార్పు అర్థంతో పనిలేకుండా, మినహాయింపు లేకుండా సాగుతుందని ఆయన నవ్య వైయాకరణుల దారిలో చెప్పిన భాగం మాత్రం ఇక్కడ నిలవలేదు.

1887లో ఎస్పెరాంతో సృష్టికర్త జామెన్‌హాఫ్ ప్రకటించిన వర్ణమాలలో ఉర్దూ ‘ఖబర్’ మొదట వినిపించే ఊష్మ ధ్వని ఒకటి ఉంది. దాన్ని ఇక్కడ ‘ఖ’ అని రాస్తాను. చాలామంది వాడుకరులకు అది నోరు తిరగని ధ్వని. తెలుగు నోట ఖబర్ ‘కబురు’ అయినట్టే అక్కడా ఖకారం కకారమైంది. రసాయన శాస్త్రమనే అర్థంలో ‘ఖెమియో’ పోయి ‘కెమియో’ వచ్చింది. ‘మెఖానికో’ మెకానికో అయింది, ‘అర్ఖిటెక్టురో’ అర్కిటెక్టురో అయింది. ఇది కేవలం వర్ణక్రమం మార్పు కదా అని కొట్టిపారేయడానికి లేదు. ఒక అక్షరానికి ఒకే ధ్వని ఉన్న భాషలో రాత మారిందంటే పలుకు మారిందనే.

మారని మాటల దగ్గరే అసలు విశేషం ఉంది. ‘ఖొలెరో’ అంటే కలరా. అందులో ఖకారం నేటికీ చెక్కుచెదరలేదు, ఎందుకంటే ‘కొలెరో’ అంటే కోపం. ‘చెఖో’ అంటే చెక్ జాతీయుడు, ‘చెకో’ అంటే బ్యాంకు చెక్కు. అదీ మారలేదు. గాయక బృందాన్ని చెప్పే ‘ఖోరో’ కకారం వైపు జరిగితే గుండె అనే అర్థమున్న ‘కోరో’తో కలిసిపోతుంది. కనుక దానికి పక్కనే ‘కోరుసో’ అనే రూపం పుట్టింది. చైనీయుణ్ణి చెప్పే ‘ఖినో’కు ‘కినో’ దారి మూసుకుపోయింది, అది సినిమా. అందుకే ‘చినో’ అయింది. గుడ్డి నియమమైతే ఈ మాటలన్నిటినీ ఒకే వేటుకు నరికేది. ఇక్కడ మార్పు ప్రతి మాట దగ్గరా ఆగి, అర్థం చూసుకుని, తర్వాతే ముందుకు నడిచింది.

దీన్ని అర్థం చేసుకోవడానికి జెనీవా వెళ్లనక్కరలేదు. భద్రిరాజు కృష్ణమూర్తి 1978లో ‘లాంగ్వేజ్’ పత్రికలో ద్రావిడ సాక్ష్యంతో పదవ్యాప్తిని, అంటే ధ్వని మార్పు ఒక్కొక్క మాటకూ పాకుతూ పోవడాన్ని, నిరూపించారు. తెలుగు, గోండి, కుయి, కువి, కొండ భాషల్లో పదాదికి చేరిన వర్ణాలు ఒక్కసారిగా చేరలేదనీ, శతాబ్దాల పాటు మాట తర్వాత మాటగా చేరాయనీ ఆయన చూపించారు. మనకు క్రొత్త, కొత్త పక్కపక్కనే ఎంతకాలం బతికాయో తెలిసిందే. ఎస్పెరాంతోలోనూ అంతే. 1905లో బులోన్ మహాసభ ఆ భాష మూలగ్రంథమైన ‘ఫుందమెంతో’ను ఎవరూ ముట్టరాని పునాదిగా ప్రకటించింది. పాత రూపాలను కొట్టేసే అధికారం ఎవరికీ లేకపోయింది గానీ, వాటి పక్కన కొత్తవి నిలబడటానికి అడ్డూ లేకపోయింది. వాడుక తన పని తాను చేసుకుపోయింది.

పుట్టుకతో ఎస్పెరాంతో మాట్లాడే ఎనిమిదిమందిని పరిశీలించిన బెంజమిన్ బెర్గెన్ 2001లో ధ్వనుల క్షీణతను గుర్తించారు గానీ, అంత చిన్న గుంపు నుంచి నియమం తీయలేం. ఖకారాన్ని వదిలించినవాళ్లలో అత్యధికులు ఆ భాషను పెద్దయ్యాక నేర్చుకున్నవారే. కనుక ధ్వని మార్పుకు తల్లి ఒడి అక్కర్లేదు, వాడే సమాజం చాలు. కల్పితమా సహజమా అన్న తేడా ధ్వనుల విషయంలో చెల్లదు. ఇంకో మాట కూడా చెప్పాలి: సహజ భాషల్లో మినహాయింపు లేని నియమంగా కనిపించేది ముగిసిపోయిన పదవ్యాప్తే. మధ్య దశలకు రాతలో సాక్ష్యం మిగలక మనం దాన్ని నియమమన్నాం.

ఎస్పెరాంతోకు ఆ సాక్ష్యం మొదటి రోజు నుంచీ అచ్చులో ఉంది. 1887 నుంచి వచ్చిన నిఘంటువులను, పత్రికలను ఏళ్ల వరుసలో పెట్టి, ఒక్కొక్క ఖకార పదం ఎప్పుడు మారిందో లెక్క తీయాలి. కృష్ణమూర్తి పద్ధతి చేతిలో ఉన్న తెలుగు పరిశోధకులు ఈ పనికి పూనుకోవాలి.