దక్షిణానికి తిప్పండి

2013 మే 31, శుక్రవారం. సాయంత్రం ఆరు కావస్తోంది. అమెరికాలో ఓక్లహోమా సిటీకి పడమరగా, ఎల్ రీనో ఊరి దగ్గర, కోతకొచ్చిన గోధుమ చేల మధ్య ఎర్రమట్టి బాట మీద, టోర్నడోను చూద్దామని స్నేహితుడితో వచ్చిన మీరు, కారాపి దిగారు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. వాయుగుండం ముందు మచిలీపట్నంలో ఎంత ఉక్కగా ఉంటుందో ఇక్కడా అంత ఉక్క. దగ్గర్లో సముద్రం లేదు. ఈ తేమంతా వందల కిలోమీటర్ల అవతలి గల్ఫ్ ఆఫ్ మెక్సికో నుంచి వచ్చింది. వసంతంలో ఈ మైదానాల మీదికి ఏటా వస్తుంది.

పడమటి ఎడారుల నుంచి వచ్చే పొడిగాలి దాన్ని ఢీకొంటుంది. పైనున్న వేడిగాలి పొర ఒకటి పొద్దుటి నుంచీ ఈ తేమను లేవనివ్వకుండా అదిమిపెట్టింది. మధ్యాహ్నం దాటాక అది తెగిపోయింది. గంట కిందట ఏమీ లేని చోట ఇప్పుడు మబ్బు పదిహేను కిలోమీటర్ల ఎత్తుకు పోయింది. తలెత్తి చూడండి, మెడ పట్టేస్తుంది.

నేల మీద గాలి ఆగ్నేయం నుంచి మీ వీపును తోస్తోంది. పైన మబ్బు తునకలు పడమటి నుంచి పరుగెడుతున్నాయి. కింద ఒక దిక్కు, పైన ఇంకో దిక్కు, వేగాలూ వేరు. ఈ తేడాకు మధ్యలో గాలి అడ్డంగా దొర్లుతుంది. పైకి లేచే వేడిగాలి ఆ దొర్లుడును నిలువుగా ఎత్తేస్తే మబ్బు మొత్తం తిరగడం మొదలుపెడుతుంది. మీ కళ్లముందు తిరుగుతున్నది అదే.

ఫోన్ మోగుతుంది. మధ్యాహ్నం వచ్చింది టోర్నడో వాచ్, అంటే సుడిగాలి పుట్టే అవకాశం ఉంది, కనిపెట్టుకుని ఉండమని. ఇప్పుడొచ్చింది వార్నింగ్. రాడార్‌లో సుడి కనబడింది, లేదా ఎవరో కళ్లారా చూశారు. ఇక తలదాచుకోవాలి.

6:03. మబ్బు అడుగు నేలకు దిగింది.

సినిమాల్లో చూసిన సన్నని తొండం కాదిది. ముందు రెండు మూడు పాయలు కనిపిస్తాయి, ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ. మాయమవుతాయి. మళ్లీ పుడతాయి. అంతలో వాన తెర అడ్డం పడుతుంది. వాయవ్యంగా కనిపించేది నల్లటి గోడ ఒక్కటే. దాని అంచు ఎక్కడుందో తెలియదు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. కంటికి కనబడే పాయ కన్నా తిరిగే గాలి ఎన్నో రెట్లు వెడల్పు. మీరు దూరంగా ఉన్నామనుకుంటున్నారు.

కారెక్కండి. ఒళ్లో లాప్‌టాప్ తెరవండి. రాడార్ బొమ్మలో కొక్కెంలా వంగిన ఎర్రటి చార ఉంది. దాని పక్కన నీలిరంగు చుక్క, అది మీరే. మధ్యలో కావలసినంత జాగా. నమ్మకండి. వాతావరణ శాఖ రాడార్ ఆకాశమంతా ఒకసారి తడిమి రావడానికి నాలుగైదు నిమిషాలు పడుతుంది. చుక్క ఇప్పటిది. బొమ్మలోని సుడి నాలుగు నిమిషాల కిందటిది.

స్నేహితుడు స్టీరింగ్ పట్టుకుని ఒకటే మాట అడుగుతాడు. "ఎటు?"

ఎదురుగా తూర్పు. కొద్ది మైళ్లలో 81వ నంబరు హైవే, మంచి తారు రోడ్డు. కుడికి తిరిగితే దక్షిణం. కంకర బాట, గుంతలు.

తారు రోడ్డే మనసును లాగుతుంది. కానీ టోర్నడో నడుస్తున్నదీ తూర్పుకే, కాస్త ఆగ్నేయంగా, మీ మీదికి. దానితో పందెం కడతారా? వేగం పెంచిందంటే? దారి మార్చిందంటే?

గాలి ఇప్పుడు వీపును తోయడం లేదు. లాగుతోంది. గోధుమ కంకులన్నీ గోడ వైపే వంగాయి.

వడగల్లు. ఒకటి. ఇంకొకటి. అద్దం బీటవారింది.

ఏదైనా వంతెన కింద ఆగితే? వద్దు. 1999 మే 3న ఓక్లహోమాలోనే, టోర్నడోల నుంచి తప్పించుకోవడానికి వంతెనల కింద దూరినవాళ్లలో ముగ్గురు చనిపోయారు. అక్కడ గాలి జోరు ఇంకా పెరుగుతుంది.

చెవులు దిబ్బడేశాయి.

హోరు.

కుడికి. తిప్పు. ఇప్పుడే.

కంకర. బురద. చక్రం జారింది. నిలదొక్కుకుంది. వెనక్కి చూడకు. పోనీ.

ఒక మైలు. రెండు. వాన పలచబడింది. వెనక అద్దంలో ఉత్తరమంతా నలుపు. టోర్నడో హఠాత్తుగా ఈశాన్యానికి మళ్లింది, మళ్లుతూనే ఉబ్బింది. 4.2 కిలోమీటర్ల వెడల్పు. ఇప్పటిదాకా కొలిచినవాటిలో ఇదే పెద్దది. మీకు ఉత్తరంగా, ఇలాంటి మట్టి బాట మీదే తూర్పుకు వెళ్తున్న ఒక కారును అది అందుకుంది. అందులో టిమ్ సమారాస్, ఆయన కొడుకు పాల్, సహచరుడు కార్ల్ యంగ్. ముగ్గురూ చనిపోయారు. 2003లో దక్షిణ డకోటాలో టోర్నడో దారిలో పరికరం పెట్టి, వాయుపీడనం 100 మిల్లీబార్లు పడిపోవడాన్ని కొలిచినవాడు సమారాస్. టోర్నడోల జోలికి వెళ్లేవాళ్లలో ఆయనంత జాగ్రత్తపరుడు అరుదు. ఆయనకే తప్పించుకునే సమయం దొరకలేదు.

ఆ సాయంత్రం ఓక్లహోమా విశ్వవిద్యాలయం వారి సంచార రాడార్ గంటకు 470 కిలోమీటర్లకు పైబడిన గాలిని నమోదు చేసింది. అయినా టోర్నడోకు ఇచ్చిన అధికారిక తీవ్రతా స్థాయి ఈఎఫ్-3 మాత్రమే. ఆ స్థాయిని కూలిన కట్టడాలను బట్టి ఇస్తారు, చేలల్లో కూలడానికి ఇళ్లెక్కడివి?

రేడియో పెట్టండి. ఓక్లహోమా సిటీలో ఐ-40, ఐ-35 రహదారులు కార్లతో కదలకుండా నిండిపోయాయి. పదకొండు రోజుల కిందట పక్కనున్న మూర్ పట్టణంలో టోర్నడోకు 24 మంది పోయారు, వాళ్లలో ఏడుగురు ఒకే బడి పిల్లలు. ఆ భయంతోనే జనం ఇళ్లు వదిలి కార్లెక్కారు. ఎల్ రీనో టోర్నడో ఆ కార్ల దాకా రాకుండానే, పుట్టిన 40 నిమిషాలకు, సడలిపోయింది. వచ్చి ఉంటే ఎంతమంది పోయేవారో ఊహించడానికే భయమేస్తుంది.

ఎల్ రీనో టోర్నడో ఎనిమిది మందిని పొట్టనబెట్టుకుంది. ఎనిమిది మందీ వాహనాల్లోనే ఉన్నారు.

డాలస్, ఓక్లహోమా ప్రాంతాల్లో మనవాళ్లు చాలామంది ఉన్నారు. మీ పిల్లలు అక్కడుంటే ఈ రాత్రే ఫోన్ చేసి చెప్పండి. వార్నింగ్ వస్తే కారు తీయొద్దు. బేస్‌మెంట్ ఉంటే అందులోకి దిగాలి. లేకపోతే అన్నిటికన్నా కింది అంతస్తులో కిటికీలు లేని లోపలి గది, బాత్‌రూమ్ అయినా సరే. తలకు హెల్మెట్, పైన పరుపు. ఆ గది ఏదో ఇప్పుడే చూసిపెట్టుకోమనండి.