నిశ్చయతాంబూలం నుండి ముహూర్తం వరకు: తెలుగు పెళ్ళికూతురి దినచర్య - చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం:
తెలుగునాట వివాహ చరిత్రను గురించిన అధ్యయనాలు ఎక్కువగా వయస్సు, శుల్కం, కట్నం, శాసనాల చుట్టూ సాగాయి. నిశ్చయతాంబూలాలకూ ముహూర్తానికీ మధ్య గడిచే రోజుల్లో పెళ్ళికూతురు ఎలా జీవించిందన్న ప్రశ్న వాటిలో వెనుకబడింది. 19వ శతాబ్ది చివరి దశకాల నుండి 20వ శతాబ్ది ద్వితీయార్ధం వరకు ఆ రోజుల స్వరూపం ఎలా మారిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పెళ్ళి ఏర్పాట్లకు కేంద్రంగా ఉన్న ఆడపిల్ల ఆ ఏర్పాట్లలో నిర్ణేతగా మారడం చాలా ఆలస్యంగా, అసంపూర్ణంగా జరిగిన పరిణామమని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: పెళ్ళిపనులు, కన్యాశుల్కం, నలుగు, అరణం, శారదా చట్టం, యానాం, శుభలేఖ.

1. ఉపోద్ఘాతం:

తెలుగు కుటుంబాల్లో పెళ్ళి అనేది ఒక్కరోజు సంఘటన కాదు. తాంబూలాలు పుచ్చుకున్న నాటి నుండి అప్పగింతల వరకు సాగే ఒక సుదీర్ఘమైన పని. 'పెళ్ళిపనులు' అన్న మాటే ఈ సంగతిని తెలియజేస్తుంది. సంబంధం కుదుర్చుకోవడం, లగ్నం పెట్టించడం, పిలుపులు, పసుపు దంచడం, పందిరి వేయడం, సారె సిద్ధం చేయడం ఇందులో భాగాలు. వీటిలో ప్రతి పనికీ ఒక కర్త ఉంటాడు లేదా ఉంటుంది. సంబంధం కుదిర్చేది తండ్రి, మేనమామలు. లగ్నం పెట్టేది పురోహితుడు. పసుపు దంచేది ముత్తైదువలు. ఈ వరుసలో పెళ్ళికూతురు చేసే పని ఏమిటన్నదే ప్రస్తుత వ్యాసం ఎదుర్కొనే మౌలికమైన ప్రశ్న.

ఈ ప్రశ్నకు సమాధానం వెతకడంలో ఆధారాల స్వభావాన్ని గమనించాలి. ప్రభుత్వ నివేదికలు పెళ్ళికూతురి వయస్సును నమోదు చేశాయి. సంస్కరణ సాహిత్యం ఆమె దుఃఖాన్ని చిత్రించింది. ఆమె రోజులు ఎలా గడిచాయో తెలుసుకోవడానికి మాత్రం ఆచారాలు, స్త్రీల పాటలు, ఆత్మకథలు, శుభలేఖల వంటివే శరణ్యం.

2. లెక్కలకు అందిన పెళ్ళికూతురు:

గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం' నాటకం 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమై, 1897లో ముద్రణ పొందింది. తొలి ముద్రణకు రాసిన ఆంగ్ల పీఠికలో గురజాడ ఒక జాబితాను ప్రస్తావించారు. ఆనంద గజపతి మహారాజు విశాఖపట్నం జిల్లాలోని బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళ కాలంలో శుల్కం పుచ్చుకొని చేసిన వివాహాలను నమోదు చేయించగా, వాటి సంఖ్య 1,034గా తేలింది. వధువుల్లో 99 మంది ఐదేళ్ళవారు, 44 మంది నాలుగేళ్ళవారు, 36 మంది మూడేళ్ళవారు, 6 మంది రెండేళ్ళవారు, 3 మంది ఏడాది పిల్లలు. అంటే 188 మంది ఐదేళ్ళు, అంతకు లోపు వయస్సు గలవారు. డబ్బు పుచ్చుకున్నామని ఒప్పుకోవడానికి కుటుంబాలు ఇష్టపడవు కాబట్టి ఈ జాబితా సమగ్రం కాదని కూడా ఆయన పేర్కొన్నారు.

ఈ అంకెలను సంస్కరణోద్యమ చరిత్రలో చాలామంది ఉటంకించారు. అయితే వాటిని దినచర్య దృష్టితో చదివితే మరో విషయం బయటపడుతుంది. ఐదేళ్ళ పిల్లకు నిశ్చయానికీ ముహూర్తానికీ మధ్య రోజులు ప్రత్యేకమైనవి కావు. బొమ్మల పెళ్ళి ఆడుకునే వయస్సులోనే ఆమె పెళ్ళిపీటల మీద కూర్చుంది. ఆటకూ క్రతువుకూ భేదం ఆమెకు తెలిసే అవకాశం తక్కువ. ఆమె కోసం ఎదురుచూపు, సిద్ధపాటు, భయం అన్నీ పెద్దవాళ్ళే అనుభవించారు.

'కన్యాశుల్కం' నాటక నిర్మాణం ఈ స్థితిని సూక్ష్మంగా పట్టుకుంది. అగ్నిహోత్రావధాన్లు చిన్న కూతురు సుబ్బి పెళ్ళే కథకు మూలం. దాన్ని ఆపడానికి తల్లి వెంకమ్మ నూతిలో దూకుతుంది, మేనమామ కరటకశాస్త్రి పన్నాగం పన్నుతాడు. ఇంత జరుగుతున్నా సుబ్బి గొంతు నాటకంలో దాదాపు వినిపించదు. లుబ్ధావధాన్లు ఇంట పెళ్ళికూతురిగా ప్రవేశించింది ఆడపిల్ల కాదు, ఆడవేషం వేసిన శిష్యుడు మహేశం. ఆ మారువేషం పారడానికి హాస్యనాటక సంప్రదాయం ఒక కారణం కావచ్చు. కానీ బేరం కుదిరాక పెళ్ళికూతురి వైపు ఎవరూ పరీక్షగా చూడరన్న సామాజిక వాస్తవం లేకపోతే ఆ హాస్యం పండదు.

3. ఇంటి లోపలి రోజులు:

పెళ్ళికి ముందు రోజుల ఆచారాలు ప్రాంతాన్ని బట్టి, కులాన్ని బట్టి మారుతాయి. కోస్తా జిల్లాల్లో శుభదినాన రోకలికి పసుపుకొమ్ము కట్టి, ముత్తైదువలు పసుపు దంచడంతో పెళ్ళిపనులు ప్రారంభమవుతాయి. తెలంగాణలో దీనికి సమానమైనది కోట్నం. అక్కడ కుమ్మరి ఇంటి నుండి బాజాలతో తెచ్చే అయిరేణి కుండలు, మైలపోలు తీయడం ముఖ్యమైన ఘట్టాలు. తర్వాత సున్నిపిండి, పసుపు, నువ్వులనూనెలతో నలుగు పెట్టి, మంగళస్నానం చేయించి 'పెళ్ళికూతుర్ని చేస్తారు'.

ఈ చివరి పదబంధం గమనార్హం. ఇందులో ఆడపిల్ల క్రియకు కర్మ మాత్రమే; ఆమె 'పెళ్ళికూతురు కాదు', ఆమెను 'పెళ్ళికూతుర్ని చేస్తారు'. అప్పటి నుండి ఆమె ఒంటరిగా తిరగడంపై, ఊరి పొలిమేర దాటడంపై, బరువు పనులు చేయడంపై ఆంక్షలు ఉండేవి. దృష్టిదోష భయం వీటికి చెప్పే కారణం. నిత్యం ఇంటిపనిలో మునిగే ఆడపిల్లకు ఇవి ఒక విధంగా విశ్రాంతి దినాలు. నలుగు పెట్టే చేతులు ఆమెను లాలించాయి. అవే చేతులు పుట్టింట ఆమె స్వేచ్ఛకు గడువు ముగిసిందని కూడా తెలియజేశాయి.

ఇంటి చుట్టూ మాత్రం పని ఉధృతంగా సాగేది. అప్పడాలు, వడియాలు, అరిసెలు, సున్నుండలు ఆడవారి శ్రమ. మంగళసూత్రాలు కంసాలివి, పీటలు వడ్రంగివి, బుట్టలు మేదరివి, కుండలు కుమ్మరివి, మధుపర్కాలు నేతగానివి. ఒక పెళ్ళి గ్రామంలోని వృత్తులన్నింటినీ కదిలించేది. బ్రాహ్మణ కుటుంబాల్లో వివాహం ఐదు రోజులు సాగి నాకబలితో ముగిసేది కాబట్టి ఈ శ్రమ మరింత విస్తరించేది.

ఈ పనుల్లో వైధవ్యం పొందిన స్త్రీకి చోటు లేదు. వంటింట్లో వెట్టిగా శ్రమించవచ్చు గాని రోకలి పట్టకూడదు, నలుగు పెట్టకూడదు. పెళ్ళికూతురి సొంత అక్కకు సైతం ఈ నిషేధం వర్తించేది. బుచ్చమ్మ, సుబ్బి ఒకే ఇంటి అక్కచెల్లెళ్ళు కావడంలోని విషాదం ఇక్కడ అర్థమవుతుంది. చెల్లెలి నలుగు రోజుల్లో అక్క గడప అవతల నిలబడాలి. రేపు భర్త పోతే తాను నిలబడవలసింది కూడా అక్కడేనని ఊహ తెలిసిన పెళ్ళికూతురికి తెలుసు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం జరిపించిన తొలి వితంతు వివాహపు ప్రాధాన్యాన్ని ఈ గడప వద్ద నుండి కూడా అంచనా వేయాలి.

పెళ్ళికూతురి మనస్సుకు దగ్గరగా వెళ్ళిన సాహిత్యం స్త్రీల పాటలు. నలుగు పాటల్లో వధూవరుల సరసం, వియ్యాలవారి పాటల్లో ఎగతాళి, అప్పగింత పాటల్లో దుఃఖం కనిపిస్తాయి. సీత పేరుతో పాడే అప్పగింతల్లో ప్రతి ఇంటి ఆడపిల్లా సీత అవుతుంది. అయినా వీటిని పాడేది తల్లులు, అత్తలు, పిన్నులు. పెళ్ళికూతురు శ్రోత. ఒకప్పుడు తమకోసం ఎవరో పాడగా విన్నవారే తర్వాత పాడేవారయ్యారు కాబట్టి, ఈ పాటల్లో వినిపించేది అనుభవం ముగిసిన తర్వాత దొరికిన గొంతు.

4. అరణం - మరో ఆడపిల్ల:

పెళ్ళికూతురి దినచర్యను ఒకే వర్గం దృష్టితో చూస్తే చిత్రం అసంపూర్ణమవుతుంది. నిజాం పాలనలోని తెలంగాణలో దొరలు, దేశ్‌ముఖుల ఇళ్ళ నుండి అత్తవారింటికి వెళ్ళే పెళ్ళికూతురి వెంట అరణంగా దాసిని పంపే ఆచారం ఉండేది. ఆడబాపలుగా వ్యవహరించిన ఈ స్త్రీలకు పెళ్ళి లేదు. గడీలో చాకిరీతోపాటు లైంగిక దోపిడీని కూడా వారు భరించవలసి వచ్చింది. బి. నర్సింగరావు 1988 నాటి 'దాసి' చిత్రానికి ఈ జీవితమే వస్తువు.

గడీలో పెళ్ళిపనులు సాగిన రోజుల్లో ఇద్దరు ఆడపిల్లలు ప్రయాణానికి సిద్ధమయ్యారు. ఒకరికి నలుగు, నగలు, పాటలు, అప్పగింతలు. మరొకరి పేరు నగలతో, పశువులతో పాటు ఇచ్చిపుచ్చుకునే వస్తువుల వరుసలో చేరింది. పుట్టిన ఊరు విడిచివెళ్ళడం ఇద్దరికీ సమానమే. ఆ వియోగానికి పాట కట్టే ఆచారం ఒకరికే ఉంది. పెళ్ళికూతురి నిస్సహాయతను చెప్పేటప్పుడు ఆమె నిస్సహాయత కింద అణగిన మరో నిస్సహాయతను కూడా చరిత్రకారులు లెక్కలోకి తీసుకోవాలి.

5. చట్టం, ముహూర్తం, యానాం:

హరబిలాస్ శారదా ప్రతిపాదించిన బాల్యవివాహ నిరోధక చట్టం 1929లో ఆమోదం పొంది, 1930 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. ఆడపిల్లల కనీస వివాహ వయస్సు 14గా, మగపిల్లలకు 18గా నిర్ణయమైంది. ఉల్లంఘనకు నెల వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. అయితే జరిగిన వివాహం చెల్లకుండా పోదు.

ఆమోదానికీ అమలుకూ నడుమ ఉన్న నెలల్లో దేశమంతటా బాల్యవివాహాలు ముమ్మరంగా జరిగాయి. 1931 జనగణనలో బాల వధువుల సంఖ్య పెరిగి కనిపించడానికి ఇది ఒక కారణమని ఆనాటి అధికారులు గుర్తించారు. మూఢం, ఆషాఢం, శూన్యమాసం చూసి లగ్నం పెట్టే సమాజం తొలిసారిగా ప్రభుత్వపు తేదీని చూసి లగ్నం పెట్టుకుంది. నిశ్చయానికీ ముహూర్తానికీ మధ్య ఉండవలసిన రోజులు ఈ తొందరలో కుదించుకుపోయాయి.

గడువు దాటిన తర్వాత మరో దారి తెరుచుకుంది. గోదావరి తీరాన ఫ్రెంచి పాలనలో ఉన్న యానాంకు శారదా చట్టం వర్తించదు. చుట్టుపక్కల బ్రిటిషు ప్రాంతాల కుటుంబాలు పిల్లలను అక్కడికి తీసుకువెళ్ళి పెళ్ళిళ్ళు జరిపించాయి. ఆ ఊరికి 'కళ్యాణపురం' అన్న పేరు ఈ కారణంగానే ప్రచారం పొందింది. పొలిమేర దాటకూడదన్న ఆచారాన్ని పాటించిన కుటుంబాలే చట్టాన్ని తప్పించుకోవడానికి పెళ్ళికూతురిని రాజ్యపు సరిహద్దు దాటించాయి. ఆచారం పెద్దల సౌకర్యానికి లొంగుతుందని, ఆడపిల్ల ఇష్టానికి మాత్రం లొంగదని దీన్ని బట్టి స్పష్టమవుతుంది.

6. ఎదురుచూడగల వయస్సు:

1949లో ఆడపిల్లల కనీస వయస్సు 15కు, 1978లో 18కి పెరిగింది. పాఠశాల విద్య, స్త్రీల పత్రికలు ఈ మార్పుకు తోడయ్యాయి. 1902లో వెలువడిన 'హిందూసుందరి', 1928లో ప్రారంభమైన 'గృహలక్ష్మి' చదివిన తరాలకు పెళ్ళిని ముందుగా ఊహించుకోగల వయస్సూ అక్షరమూ దక్కాయి. కుట్లు, అల్లికలు, హార్మోనియం, పాటలు నేర్చుకోవడం పెళ్ళికి సిద్ధపాటుగా మారాయి. ఈ శిక్షణ పెళ్ళిచూపుల్లో పరీక్షకు నిలబడటానికే ఉద్దేశించినదైనా, చదువుకున్న పిల్ల తనకంటూ కొంత సమయాన్ని, కొంత అభిప్రాయాన్ని సంపాదించుకుంది.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ జీవితం ఈ పరిణామానికి ఉదాహరణ. 1909లో రాజమహేంద్రవరంలో జన్మించిన ఆమెకు ఎనిమిదేళ్ళ వయస్సులో వివాహమైంది. ఊహ తెలిసిన తర్వాత ఆ వివాహబంధాన్ని ఆమె నిరాకరించారు. చదువు, స్వాతంత్ర్యోద్యమం, న్యాయవాద వృత్తి, రాజ్యాంగసభ సభ్యత్వం తర్వాత 1953లో చింతామణి దేశ్‌ముఖ్‌ను తమ నిర్ణయంతో వివాహం చేసుకున్నారు. ఆ పెళ్ళికి జవహర్‌లాల్ నెహ్రూ ఒక సాక్షి. ఒకే స్త్రీ జీవితంలోని ఈ రెండు వివాహాల నడుమ ఉన్న మూడున్నర దశాబ్దాలు, 'పెళ్ళికూతుర్ని చేయడం' నుండి 'పెళ్ళి చేసుకోవడం' వరకు సాగిన ప్రయాణం. ఈ అవకాశం అతి కొద్దిమందికే దక్కిందన్నది విస్మరించరాదు.

ఇదే దిశలో త్రిపురనేని రామస్వామి చౌదరి 'వివాహ విధి'ని తెలుగులో రచించారు. మంత్రార్థం వధువుకు అర్థమైతే తాను దేనికి సమ్మతిస్తున్నదో ఆమెకు తెలుస్తుంది. దండల పెళ్ళిళ్ళు ఖర్చును, పనిని రెండింటినీ తగ్గించాయి. మరోవైపు 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చినా కట్నం ఆగలేదు. 1963లో బంగారు నియంత్రణ నిబంధనలు 14 క్యారెట్లకు మించిన నగల తయారీని నిషేధించినప్పుడు కూడా పెళ్ళి నగల మీద మోజు తగ్గలేదు.

శుభలేఖ ఈ అసంపూర్ణతకు నిలువెత్తు సాక్ష్యం. చేతిరాత లగ్నపత్రిక స్థానంలో అచ్చు శుభలేఖ వచ్చింది. అందులో వధువు పేరు ముందు 'చి.ల.సౌ.' అని ఉంటుంది. ఆమె ఫలానా వారి ప్రథమ పుత్రిక లేదా ద్వితీయ పుత్రిక. ఆహ్వానించేది తండ్రి. కాలక్రమంలో తల్లి పేరు చేరింది, వధువు డిగ్రీలు చేరాయి. ఆహ్వానించే స్థానంలో వధువు పేరు మాత్రం నేటికీ అరుదు.

7. ముగింపు:

పై పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, బాల్యవివాహ కాలంలో పెళ్ళికి ముందు రోజులు పెద్దల అనుభవమే గాని పెళ్ళికూతురివి కావు. వయస్సు పెరిగాకనే అవి ఆమెవి అయ్యాయి. రెండు, ఆ రోజుల లాలన అందరు ఆడపిల్లలకూ దక్కలేదు. వితంతువును, దాసిని వెలుపల నిలిపి అది సాగింది. మూడు, చట్టం వయస్సును మార్చినంతగా నిర్ణయాధికారాన్ని మార్చలేదు.

నేటి పెళ్ళికూతురు చీర రంగును, ఫొటోగ్రాఫరును, భోజనంలో వంటకాలను తానే ఎంచుకుంటున్నది. ఈ ఎంపికలు చిన్నవి కావు. ఏడాది పసిపాపకు 350 రూపాయలకు పైగా వెల కట్టిన రోజుల నుండి చూస్తే చాలా దూరం వచ్చినట్టే. కానీ ఎవరిని, ఎప్పుడు, ఎంత ఇచ్చి అన్న మూడు నిర్ణయాల్లో ఆమె వాటా ఎంతో అడిగినప్పుడే ఆ దూరాన్ని సరిగా కొలవగలం.