మూర్ఛ: దానంతట అదే వచ్చిందా, మందు వల్ల వచ్చిందా?

ఉన్నట్టుండి పడిపోవడం, కాళ్లూ చేతులూ కొట్టుకోవడం, నోట నురగ రావడం... కారణం ఏదైనా మూర్ఛ పైకి దాదాపు ఇలాగే కనిపిస్తుంది. చికిత్స మాత్రం కారణాన్ని బట్టి మారుతుంది.

స్వయంజనిత మూర్ఛ

తక్షణ ప్రేరకమేదీ లేకుండానే మెదడులోని నాడీకణాలు అదుపు తప్పి ఒక్కసారిగా విద్యుత్ సంకేతాలు వెలువరించడం దీని స్వభావం. జన్యు లోపాలు, పాత తలగాయాలు, పక్షవాతం మిగిల్చిన మచ్చలు ఇందుకు మూలం కావచ్చు. 24 గంటలకు మించిన వ్యవధిలో కనీసం రెండుసార్లు వస్తే మూర్ఛ వ్యాధిగా పరిగణిస్తారు. దీనికి ఏళ్ల తరబడి మందులు వాడవలసి రావచ్చు.

ఔషధ ప్రేరిత మూర్ఛ

నొప్పికి వాడే ట్రమడాల్, ఉబ్బసానికి వాడే థియోఫిలిన్ వంటివి మోతాదు మించితే మూర్ఛ రావచ్చు. క్షయ మందు ఐసోనియాజిడ్ అతిగా శరీరంలో చేరితే బి6 విటమిన్ పనిచేయదు. మెదడు ఉద్రేకాన్ని అణచే గాబా రసాయనం తగ్గిపోతుంది. అప్పుడు సాధారణ మూర్ఛ మందులు చాలకపోవచ్చు. బి6 రూపమైన పిరిడాక్సినే విరుగుడు. దీర్ఘకాలం వాడిన నిద్రమాత్రలను గానీ, మద్యాన్ని గానీ హఠాత్తుగా మానేసినా మూర్ఛ రావచ్చు. ప్రేరకం తొలగితే చాలామందికి జీవితాంతం మందులు అవసరం ఉండదు.

ఏలూరు అనుభవం

బయటి ప్రేరకం మందే కానక్కర్లేదు. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లోని ఏలూరులో వందలాది మంది మూర్ఛ, కళ్లు తిరగడం వంటి లక్షణాలతో ఆసుపత్రిలో చేరారు. బాధితుల రక్త నమూనాల్లో సీసం, నికెల్ ఉన్నట్లు ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో తేలింది.

దూర ప్రాంతాల్లో

ఉత్తర అండమాన్‌లోని డిగ్లీపూర్ వంటి చోట్ల ఈ తేడాను త్వరగా గుర్తించడం మరింత ముఖ్యం. ద్వీపాల ప్రధాన ప్రభుత్వ ఆసుపత్రి అయిన గోవింద్ వల్లభ్ పంత్ ఆసుపత్రి శ్రీ విజయపురంలో (పూర్వపు పోర్ట్ బ్లెయిర్) ఉంది. రోడ్డు మార్గాన అది సుమారు 300 కిలోమీటర్ల దూరం. స్కానింగ్ కంటే ముందే, ఏ ఖర్చూ లేకుండా వైద్యుడికి దారి చూపేది ఒక్క సమాచారమే: రోగి ఇటీవల ఏ మందు వేసుకున్నారు, ఏది మానేశారు?

చుట్టూ ఉన్నవారు చేయవలసినవి

రోగిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో ఏమీ పెట్టకూడదు. చేతిలో తాళంచెవులు పెట్టడం వల్ల ప్రయోజనం లేదు. మూర్ఛ 5 నిమిషాలు దాటినా, వెంటనే మళ్లీ వచ్చినా ఆసుపత్రికి తరలించాలి. వాడుతున్న మందుల అట్టలు, సీసాలు వెంట తీసుకెళ్లాలి. వైద్యుడిని అడగకుండా ఏ మందునూ సొంతంగా ఆపకూడదు.