కుమావూన్ వన పంచాయతులు

కొండప్రాంతపు గ్రామమునకు పొలమెంత ముఖ్యమో అడవియు అంత ముఖ్యము. హిమాలయములలోని కుమావూన్‌లో మెట్లుమెట్లుగా మలచిన పొలములకు ఎరువు అడవి ఆకులనుండి రావలెను. పశువులకు మేత, పొయ్యికి వంటచెఱకు, ఇంటికి దూలము అచ్చటినుండియే రావలెను. ఈ బరువు మోయువారు ముఖ్యముగా స్త్రీలు. కావున అడవి ఎవరిదను ప్రశ్న ఆ ప్రాంతమున ప్రతియింటను పుట్టుచుండెను.

1815లో ఆంగ్లేయులు గూర్ఖాలనుండి కుమావూన్‌ను వశపఱచుకొనిరి. 1823 నాటి బందోబస్తులో ట్రెయిల్ దొర గ్రామముల ఎల్లలను వ్రాయించెను. ఆ ఎల్లలలోని అడవి తమదేయని ప్రజలు నమ్ముచు వచ్చిరి. కాని 1893లో ప్రభుత్వము, కొలతకు రాని భూమినంతటిని రక్షితారణ్యముగా ప్రకటించెను. 1911 మొదలు 1917 వఱకు సాగిన అటవీ బందోబస్తులో అందు పెద్దభాగము రిజర్వు అడవియయ్యెను. పశువులను మేపుటకు, కొమ్మలు నఱకుటకు, గడ్డి చిగురించుటకై నిప్పు పెట్టుటకు ఆంక్షలు వచ్చెను. ప్రభుత్వపు దృష్టి రైలుదారి స్లీపర్లకు వలయు కలపపైని, చీర్ పైను గుగ్గిలముపైని నిలిచియుండెను.

1921 జనవరిలో బాగేశ్వరమున ఉత్తరాయణి తిరునాళ్ళకు చేరిన ప్రజలు వెట్టిచాకిరి లెక్కల పుస్తకములను సరయూ నదిలో పాఱవైచిరి. ఆ వేసవిలో అడవులు మండెను. రెండు లక్షల ఎకరములకు పైగా దగ్ధమయ్యెను. పెక్కు మంటలు బుద్ధిపూర్వకముగా పెట్టినవేయని అధికారులు తలచిరి. అవి వాణిజ్యమునకు పనికివచ్చు పైను వనములనే ఎక్కువగా కాల్చెననియు, ఊరివారికి అక్కఱకు వచ్చు వెడల్పాకుల చెట్ల జోలికి అంతగా పోలేదనియు తరువాతి చరిత్రకారులు గుర్తించిరి. ఇంచుమించు ఆ కాలముననే తెలుగునాట పల్నాటి రైతులు పుల్లరి కట్టమని ఎదురు నిలిచిరి. 1922లో కన్నెగంటి హనుమంతు తుపాకిగుండ్లకు బలియయ్యెను. పల్నాటి ఉద్యమమును ప్రభుత్వము బలముతో అణచెను. కుమావూన్‌లో మాత్రము వేఱొక దారి కూడ త్రొక్కవలసివచ్చెను.

1921లోనే కమిషనరు విండమ్ అధ్యక్షుడుగా ఫిర్యాదుల విచారణ సంఘము ఏర్పడెను. అది వేలకొలది సాక్షులను విచారించి, వాణిజ్యమునకు అంతగా కొఱగాని అడవులను అటవీశాఖ నుండి తప్పించవలెననియు, గ్రామములకు తమ అడవిని తామే పాలించుకొను వీలు కల్పించవలెననియు సూచించెను. ఆ సూచనలు ఫలించి 1931లో వన పంచాయతి నియమములు వెలువడెను. వాని ప్రకారము గ్రామస్థులు పంచులను ఎన్నుకొందురు. గడ్డి ఎప్పుడు కోయవలెనో పంచులు నిర్ణయింతురు, కావలివానిని నియమింతురు, కట్టు తప్పినవారికి జరిమానా విధింతురు. అడవిని అమ్ముటకు గాని పంచుకొనుటకు గాని వీలులేదు. పర్యవేక్షణ రెవెన్యూ శాఖది.

ఈ స్వేచ్ఛ క్రమముగా తఱిగెను. 1976 నియమములతో కలప, గుగ్గిలము వలన వచ్చు ఆదాయమున అటవీశాఖకు, జిల్లా పరిషత్తునకు వాటాలు ఏర్పడెను. 1990 జూన్ 1న కేంద్రప్రభుత్వము ఉమ్మడి అటవీ యాజమాన్యమునకై రాష్ట్రములకు ఉత్తరువు పంపెను. ఆంధ్రప్రదేశ్‌లో 1992 నుండి వన సంరక్షణ సమితులు వెలసెను. అంతవఱకు సర్కారు చేతనే యున్న అడవిలో ప్రజలకు పాలు లభించుట మేలే. కాని కుమావూన్ అప్పుడు ఉత్తరప్రదేశ్‌లోనిది. 1997లో ఆ రాష్ట్రము వన పంచాయతులను కూడ ఉమ్మడి యాజమాన్యపు నియమముల క్రిందికి తెచ్చెను. తామే ఏలుకొనుచున్న అడవిలోనికి అటవీశాఖ భాగస్వామిగా ప్రవేశించెను. ఒకచోట ఇచ్చుటయైన ఏర్పాటు మఱొకచోట పుచ్చుకొనుటయయ్యెను.

పంచాయతులన్నియు ఒకే తీరున నడచెనని చెప్పరాదు. కావలివానికి జీతమియ్యలేని చోట్ల అడవి క్షీణించెను. గడ్డిమోపు మోయు స్త్రీకి పంచుల నడుమ చాలకాలము చోటు దక్కలేదు. అయినను 2009లో ప్రచురితమైన ఒక పరిశీలన, ఈ ప్రాంతపు పంచాయతి అడవులు సర్కారు అడవులకు తీసిపోలేదనియు, వాని రక్షణకగు వ్యయము ఎన్నోరెట్లు తక్కువయనియు తేల్చెను.

2006 నాటి అటవీ హక్కుల చట్టము సాముదాయిక అడవిని కాపాడి నిర్వహించు అధికారమును గ్రామసభకు గుర్తించినది. ఆ అధికారము కాగితము దాటినదో లేదో తెలిసికొనుటకు కుమావూన్ చరిత్ర ఒక గీటురాయి. కావలి పని ఊరికి వదలి తీర్పు కచేరిలో ఉంచుకొన్నచో, ఆ యాజమాన్యమును ఉమ్మడియనుట మాటవరుసకే యగును.