ప్యాకెట్ల వరుసలో పంక్తిభేదం

కంప్యూటరు నుంచి బయటికి వెళ్లే సమాచారం ఏకధారగా సాగదు. సాధారణంగా 1500 బైట్లకు మించని చిన్న చిన్న మూటలుగా విడిపోయి, ఒకదాని వెనుక ఒకటి తీగ మీదికి చేరుతుంది. ఈ మూటలకే ప్యాకెట్లని పేరు. తీగ మోయగలిగినదానికంటే ఎక్కువ వచ్చిపడినప్పుడు మిగిలినవి బఫర్ అనే తాత్కాలిక నిల్వలో వేచి ఉండక తప్పదు కనుక, వాటిలో దేన్ని ముందు పంపాలన్న ప్రశ్న నెట్‌వర్కులతో పాటే పుట్టింది. ముందు వచ్చినది ముందు వెళ్తుందన్నది తొలినాటి సమాధానం. టికెట్ల కౌంటరు దగ్గర ఈ నియమం న్యాయంగానే ఉంటుంది, ఎందుకంటే అక్కడ ఒక మనిషి ఒక్క చోటే నిలబడగలడు. నెట్‌వర్కులోనైతే ఒకే యంత్రం రెప్పపాటులో వందమంది పెట్టున వరుసను ఆక్రమించగలదు.

ఈ లోపాన్ని సూటిగా పట్టుకున్నవాడు అమెరికాలోని ఫోర్డ్ ఏరోస్పేస్ సంస్థలో పనిచేసిన జాన్ నేగల్. 1985 డిసెంబరులో ఇంటర్నెట్ సాంకేతిక పత్రాల శ్రేణిలో ఆర్‌ఎఫ్‌సీ 970గా వెలువడిన పత్రంలో, ప్యాకెట్లను దారిపట్టించే యంత్రానికి అంతులేని మెమరీ ఉంటే ఏమవుతుందని ఆయన ప్రశ్నించాడు. ప్రతి ప్యాకెట్‌కూ ఆయుఃప్రమాణం ఉంటుంది. వరుస పెరిగిపోతే వంతు వచ్చేసరికే ఆయువు తీరిపోతుంది. కనుక అక్షయమైన గిడ్డంగి ఉన్న యంత్రం చివరికి అన్నిటినీ పారవేయడంతోనే సరిపెట్టుకుంటుంది. అంతేకాక, ఉమ్మడి వరుస ఉన్నంతకాలం ఎవరు ఎక్కువ కుమ్మరిస్తే వారికే ఎక్కువ దక్కుతుంది కాబట్టి, నిగ్రహం పాటించినవాడే నష్టపోతాడు. దీనికి నేగల్ సూచించిన మందు, పంపేవారిలో ఒక్కొక్కరికి ఒక్కొక్క వరుస ఏర్పరచి, వంతులవారీగా ఒక్కో వరుస నుంచి ఒక్కో ప్యాకెట్‌ను తీయడం. అప్పుడు ఆబగా పంపినవాడి సొంత వరుస పొడవు పెరుగుతుందే తప్ప పక్కవాడి వంతు తగ్గదు.

సరిగ్గా మరుసటి ఏడాది, 1986 అక్టోబరులో, కాలిఫోర్నియాలో కేవలం 400 గజాల ఎడంలో ఉన్న లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకూ బర్క్‌లీ విశ్వవిద్యాలయానికీ మధ్య సమాచార వేగం సెకనుకు 32 వేల బిట్ల నుంచి 40 బిట్లకు కుప్పకూలింది. దానికి వాన్ జేకబ్సన్ కనిపెట్టిన విరుగుడు, పంపేవారే రద్దీని పసిగట్టి వేగం తగ్గించుకోవడం. అది గొప్ప పరిష్కారమే అయినా పంపేవారి మంచితనం మీద నిలిచినది. నేగల్ పద్ధతికి ఆ పూచీ అక్కరలేదు.

అయితే నేగల్ లెక్కించినది ప్యాకెట్లను, బైట్లను కాదు. అందువల్ల పెద్ద మూటలు కట్టేవాడికి పెద్ద వాటా దక్కేది. 1989లో అలన్ డెమర్స్, శ్రీనివాసన్ కేశవ్, స్కాట్ షెంకర్ ఈ చిక్కును విప్పారు. ఒక్కో వరుస నుంచి ఒక్కో బిట్ చొప్పున పంపగలిగితే ఏ ప్యాకెట్ ఎప్పుడు ముగుస్తుందో ఊహించి లెక్కగట్టి, ముందుగా ముగిసేదాన్నే ముందు పంపాలన్నారు. సిద్ధాంతం నిర్దుష్టమైనదే గానీ, ప్రతి ప్యాకెట్‌కూ ముగింపు ఘడియ గణించి క్రమంలో పేర్చడం నాటి యంత్రాలకు భారమైంది.

ఆ భారాన్ని దించినది 1995లో శ్రీధర్, జార్జ్ వర్గీస్ ప్రతిపాదించిన బాకీల లెక్క. ప్రతి వంతులో ప్రతి వరుసకూ 600 బైట్లు జమ అవుతాయనుకుంటే, 1500 బైట్ల ప్యాకెట్ ఉన్న వరుస మొదటి రెండు వంతులూ ఊరకుండి, మూడో వంతుకు జమ 1800 కాగానే దాన్ని పంపి, 300 మిగుల్చుకుంటుంది. 200 బైట్ల ప్యాకెట్లున్న వరుస వంతుకు మూడు చొప్పున తొమ్మిది పంపి 1800 పూర్తిగా ఖర్చు చేస్తుంది. పేర్చడం లేదు, కూడికలూ తీసివేతలే. కిరాణాకొట్టు పద్దుపుస్తకాన్ని మించని ఈ గణితమే నేటికీ సాఫ్ట్‌వేర్లలో నడుస్తోంది.

ప్రాధాన్యమిచ్చే పద్ధతిది వేరే కథ. ప్యాకెట్ తలకట్టులో సేవారకాన్ని తెలిపే గడి 1981 నుంచే ఉంది. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ చాలాకాలం వాడిన పద్ధతి దాన్ని చూసి ప్యాకెట్లను మూడు అంతస్తులుగా విడదీసి, పై అంతస్తు ఖాళీ అయితే తప్ప కిందిదాన్ని ముట్టేది కాదు. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఒకటేనన్న సామెత ఇక్కడ తలకిందులైంది: వడ్డించేవాడు చీటీ చూస్తాడు, చీటీ రాసుకునేది తినేవాడే. పై అంతస్తు నిండుగా ఉంటే కింది అంతస్తుకు పస్తే.

ఈలోగా మెమరీ చవకై బఫర్లు ఉబ్బిపోయాయి. సెకనుకు పది లక్షల బిట్లు మోసే తీగపై 1500 బైట్ల ప్యాకెట్‌కు 12 మిల్లీసెకన్లు పడుతుంది. ముందు వెయ్యి ప్యాకెట్లుంటే నిరీక్షణ 12 సెకన్లు. ఒక ఫొటో ఎక్కుతుండగా ఫోను సంభాషణ తెగిపోవడానికి ఇదే మూలం. 2012లో కేథ్లీన్ నికోల్స్, జేకబ్సన్ కలిసి రూపొందించిన కోడెల్, నిరీక్షణ 100 మిల్లీసెకన్ల పాటు 5 మిల్లీసెకన్లకు తగ్గకపోతే ప్యాకెట్లను వదిలేయడం మొదలుపెడుతుంది. అదే ఏడాది ఎరిక్ డుమజే దాన్ని బాకీల లెక్కతో జోడించి లైనక్స్‌లో చేర్చిన ఎఫ్‌క్యూ-కోడెల్, ప్రవాహాలను, అంటే ఒక్కో సంభాషణకు చెందిన ప్యాకెట్ల గుంపులను, 1024 వరుసలకు పంచి, కొత్తగా వచ్చిన సన్నని ప్రవాహానికి ముందు వంతు ఇస్తుంది. చీటీతో పనిలేకుండా, నడవడికను బట్టి లభించే ఈ ప్రాధాన్యమే మూడు దశాబ్దాల అన్వేషణలో అన్నిటికన్నా తెలివైన మలుపు.

2018 జనవరిలో ఆర్‌ఎఫ్‌సీ 8290గా నమోదైన ఈ పద్ధతి పనిచేయాలంటే వరుస దాని చేతిలోనే ఉండాలి. రద్దీ కంప్యూటరులోనో రౌటరులోనో కాక ఇంటి మోడెమ్‌లో పేరుకుంటే దానికి చేయగలిగినదేమీ లేదు. అందుకే వరుస రౌటరులోనే ఏర్పడేలా, అక్కడ బయటికి పంపే వేగాన్ని తీగ అసలు సామర్థ్యం కంటే కొద్దిగా తగ్గించి పెట్టుకోవాలి.